హెర్బర్ట్ దాచుకున్న తామర

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసుకు కాస్త వెనగ్గా ఐదంతస్తుల పాత కాంప్లెక్సు ఒకటి ఉండేది. అందులో లిఫ్టు మనిషి హెర్బర్ట్. జాలీ తలుపును చేత్తో లాగి మూస్తే తప్ప కదలని లిఫ్టు అది. లోపల ఒక స్టూలు, ఒక బల్బు, ఎప్పుడో ఆగిపోయిన చిన్న ఫ్యాను. పొద్దున స్టూలు మీద కూర్చున్నాడంటే సాయంత్రం ఆఫీసులు మూసేదాకా హెర్బర్ట్ లోకం ఆ నాలుగు గోడలే. ఎవరు ఏ అంతస్తులో దిగుతారో అడగకుండానే మొహం చూసి బటన్ నొక్కేవాడు. అతను "గుడ్ మార్నింగ్ సార్" అంటే ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టు లోతుగా వినిపించేది. ఆదివారం చర్చి క్వయరులో మంద్రస్వరం పాడేది కూడా ఆ గొంతే.

అతనిది మెదక్. తండ్రి మిషన్ బోర్డింగు బడిలో వంట చేసేవాడు. భార్య మాబెల్ సికింద్రాబాద్ పిల్ల, చాదర్‌ఘాట్‌లో ఒక చిన్న బడిలో కుట్లు, అల్లికలు నేర్పేది. ఒక్కతే కూతురు, యూనీస్. నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. ఎండ ఏ వేళప్పుడూ లోపలికి రాని ఇల్లు.

హెర్బర్ట్‌కు తన యూనిఫారమంటే గర్వం. ఖాకీ టెరికాట్ ప్యాంటు, ఒంటికి పట్టినట్టు కుట్టించుకున్నది. కింద నైలాన్ సాక్సు, నల్ల బూట్లు. ఎంత ఉక్కపోతలోనైనా పైగుండీ తీసేవాడు కాదు. కాంప్లెక్సు మేనేజరు వెంకటేశ్వర్లు కొత్తగా చేరినవాళ్ళకు అతన్నే చూపించేవాడు. "గాయన్ని చూసి నేర్చుకోండ్రి, మనిషంటే గట్లుండాలె" అనేవాడు.

తొంభై అయిదు వానాకాలంలో మొదలైంది. మొదట కాలివేళ్ళ సందుల్లో తెల్లగా నాని, తోలు లేచి, మంట. బూట్లు కరిచాయనుకున్నాడు. ఆ ఏడు ముసురు వదల్లేదు. వసారాలో తాడు మీద వేసిన బట్టలు రెండో రోజుకూ చెమ్మగానే ఉండేవి. నడుముకు చల్లగా తగిలే డ్రాయరే తొడుక్కుని, దానిపైన ఖాకీ ప్యాంటు బిగించి డ్యూటీకి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకు కుడి గజ్జలో, తొడ మడత దగ్గర, రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ లేచింది. దురద. చెమట పడితే ఆ దురద మంటగా మారేది. పౌడరు చల్లుకున్నాడు. మచ్చ మధ్యలో రంగు తగ్గి మామూలు తోలులా కనబడితే తగ్గుతోందని సంతోషించాడు. మధ్యలో తగ్గుతూ అంచుల్లో పాకిపోవడమే ఆ జబ్బు తీరని అతనికి తెలియదు. అంచు ఉబ్బెత్తుగా, పొట్టు రాలుతూ, చక్రంలాగా తొడ మీదికి దిగింది. తర్వాత ఎడమవైపూ వచ్చింది.

మాబెల్‌కు చెప్పలేదు. చెప్పకూడదని నిర్ణయించుకున్నాడని కాదు. ఆ చోటు గురించి మాట్లాడే మాటలు వాళ్ళింట్లో లేవు. జ్వరమొస్తే చెప్పుకున్నారు, పన్ను నొప్పి చెప్పుకున్నారు. దీనికి ఏం పేరు పెట్టి చెప్పాలో హెర్బర్ట్‌కు తోచలేదు.

స్టేషను రోడ్డులో బుచ్చిబాబు మెడికల్ షాపు ఉంది. బుచ్చిబాబు నాన్నగారు తెనాలి నుంచి రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. కొడుకు నాంపల్లిలో పుట్టినా ఇంటి మాట మాత్రం మారలేదు. హెర్బర్ట్ కౌంటరు దగ్గర మిగతావాళ్ళు వెళ్ళిపోయేదాకా దగ్గు మందు సీసాలు చూస్తూ నిలబడి, చివరికి నోరు విప్పాడు.

"దురదకు ఏమన్న మలాం ఉందా?"

"ఎక్కడండీ?"

హెర్బర్ట్ తల దించుకున్నాడు. బుచ్చిబాబుకు అర్థమైంది. అతను గొంతు తగ్గించాడు.

"చెమట దద్దురండీ, ఈ సీజన్లో అందరికీ ఉండేదే. ఈ ట్యూబు పొద్దునా సాయంత్రం రాయండి. రెండ్రోజుల్లో చల్లబడిపోద్ది."

నిజంగానే చల్లబడింది. రెండు మూడు రోజులకే ఎరుపు పోయింది, దురద పోయింది. ఆ ఆదివారం హెర్బర్ట్ క్వయరులో హాయిగా నిలబడి పాడాడు. ట్యూబు రాయడం మానేశాడు. రెండు వారాలు తిరక్కుండానే మచ్చ మళ్ళీ లేచింది, ఈసారి ఇంకొంచెం వెడల్పుగా. మళ్ళీ బుచ్చిబాబు దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ అదే ట్యూబు.

అలా మూడేళ్ళు. రాసినన్నాళ్ళు అణిగి ఉండటం, మానగానే విజృంభించడం. మచ్చలు పిరుదుల మీదికి, బెల్టు కట్టే చోటికి పాకాయి. రానురాను ట్యూబు రాసినా పూర్తిగా తగ్గడం మానేసింది. తొడ లోపలి తోలు పల్చబడి ఉల్లిపొరలా మెరిసింది. ఆ తోలు మీద ఊదారంగు గీతలు పడ్డాయి, కడుపుతో ఉన్నప్పుడు మాబెల్ పొట్ట మీద పడ్డ గీతల్లాంటివి. ట్యూబును టిఫిను సంచిలో అడుగున పెట్టుకుని, మధ్యాహ్నం కాంప్లెక్సు బాత్రూములో తలుపు గడియ వేసుకుని రాసుకునేవాడు. ఇంట్లో అందరికంటే ముందు స్నానం చేసేవాడు. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే ఇల్లు కాబట్టి ఉతుకులు తక్కువ. ముగ్గురికీ ఒకటే పెద్ద తువ్వాల. అతను తుడుచుకుని దండెం మీద వేస్తే దాంతోనే యూనీస్, ఆ తర్వాత మాబెల్.

ఇంకో భయం అతనికి ఎవరికీ చెప్పుకోలేనిది. నాంపల్లి స్టేషను గోడల నిండా గుప్తరోగాల పోస్టర్లుండేవి. ఎర్ర అక్షరాలతో, లాడ్జీ గది నంబరుతో సహా. రోజూ వాటి పక్కనుంచే నడిచేవాడు. ఎప్పుడూ తల ఎత్తి చదవని మనిషి ఇప్పుడు నడక తగ్గించి చదివాడు. గజ్జల్లో పుండ్లు, దురద, మచ్చలు అని రాసి ఉంది. హెర్బర్ట్ పెళ్ళాన్ని తప్ప ఇంకో ఆడదాన్ని ముట్టుకున్న మనిషి కాదు. అయినా భయపడ్డాడు. కాంప్లెక్సు బాత్రూములో ఎవరెవరో కూర్చుంటారు, అక్కడి నుంచి అంటిందేమో అనుకున్నాడు. ఏ తప్పూ చేయకుండానే తప్పు చేసినవాడిలాగా నడవడం మొదలుపెట్టాడు.

తొంభై ఎనిమిది వేసవిలో ఒక మధ్యాహ్నం, లిఫ్టు మూడో అంతస్తు దాటి పైకి పోతుండగా కరెంటు పోయింది. లోపల హెర్బర్ట్, నాలుగో అంతస్తు ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ఇద్దరే ఉన్నారు. జాలీ అవతల సిమెంటు గోడ. చీకటి, ఉక్క.

"భయపడకమ్మా, జనరేటరేస్తరు" అన్నాడు హెర్బర్ట్.

జనరేటరు ఆ రోజు మొరాయించింది. గాలి లేదు. హెర్బర్ట్ వీపు మీద నుంచి చెమట నడుములోకి, నడుములోంచి గజ్జల్లోకి దిగింది. మొదట పళ్ళు బిగబట్టాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. ఆ మంట నిప్పుకణిక పెట్టి రుద్దినట్టు ఉంది. చీకట్లో కనబడదులే అనుకుని మూలకు తిరిగి, ఆ పిల్లకు వీపు పెట్టి, చేయి కిందికి పోనిచ్చి గోక్కున్నాడు. ఒకసారి మొదలైతే ఆగే దురద కాదది. ఊపిరి వేగంగా వస్తోందని కూడా అతనికి తెలియలేదు.

బల్బు వెలిగింది. హెర్బర్ట్ చేయి ఇంకా అక్కడే ఉంది.

ఆ పిల్ల అరిచిన అరుపుకు నాలుగో అంతస్తు ఆఫీసు మొత్తం బయటికొచ్చింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. చీకట్లో ఒక మగమనిషి పక్కన చిక్కుకుపోయి, ఆ చప్పుడు విని, వెలుగొచ్చాక ఆ చేయి చూసిన ఏ ఆడపిల్లయినా అలాగే అరుస్తుంది.

వెంకటేశ్వర్లు తన గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"ఏం చేసినవ్ లోపల?"

"ఏం చేయలే సార్."

"ఆ పిల్ల అబద్ధమాడుతుందా? ఏడుస్తుంది గాడ. ఇన్నేండ్ల సంది నీ మీద ఒక్క మాట లేదు. అసలేమైందో నాకు చెప్పు, నేను చూసుకుంట."

దురద సార్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే చూపించమంటాడేమో, చూస్తే సుఖవ్యాధి అంటాడేమో. హెర్బర్ట్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వెంకటేశ్వర్లు చాలాసేపు చూశాడు. చూసినకొద్దీ అతని మొహంలో ఉన్న జాలి పోయి అసహ్యం వచ్చింది.

"రేపటిసంది లిఫ్ట్ ముట్టకు. కింద సెల్లార్ల పంపు, జనరేటర్ చూసుకో. ఆడోళ్ళు తిరిగే తావున కనబడకు."

వాచ్‌మన్ సాయన్నను లిఫ్టులో కూర్చోబెట్టారు. హెర్బర్ట్ సెల్లారులోకి దిగాడు. అక్కడ ఉక్క ఇంకా ఎక్కువ.

ఆ కాంప్లెక్సులో టైపు నేర్చుకునే చర్చి పిల్ల ఒకతె ఉంది. ఆ సంగతి ఆదివారం ఆరాధన అయ్యేసరికి మాబెల్ చెవిలో పడింది. మాబెల్ చర్చి మెట్లు గబగబా దిగింది. ఇంటికొచ్చి, యూనీస్‌ను పక్కింటికి పంపి, గొళ్ళెం పెట్టింది. ఆమె గొంతు పెద్దది చేయలేదు. అది హెర్బర్ట్‌ను ఎక్కువ భయపెట్టింది.

"లిఫ్ట్‌ల ఏం జరిగిందో నేనడుగుత లేను. నాకొక్కటి చెప్పు. ఎక్కడికి పోతున్నవ్ నువ్వు?"

"ఎక్కడికి పోత మాబెల్? డ్యూటీ, ఇల్లు, చర్చి."

"మరి నాకేంది ఇది?" ఆమె చీర కుచ్చిళ్ళ దగ్గర చేయి పెట్టుకుంది. "ఆర్నెల్లయితుంది. లంగా కట్టుకున్న కాడికెళ్ళి తొడల దాంక మంట. బళ్ళె కూసోలేకపోతున్న. పిల్లలు చూస్తరని గోడకు ఆనుకొని నిలబడుతున్న. నా దగ్గరికి నువ్వు తప్ప ఎవరొచ్చిన్రు? నువ్వే తెచ్చి అంటించినవ్."

ఆమెకు కూడా ఉందని హెర్బర్ట్‌కు అప్పుడే తెలిసింది. మూడేళ్ళు తను దాచుకున్నట్టే ఆర్నెల్లు ఆమె దాచుకుంది. ఒకే గదిలో, ఒకే దండెం కింద.

"చెమటకొచ్చింది మాబెల్. మెడికల్ షాపాయన అన్నడు."

"నీ చెమటకు నాకెందుకొస్తది?"

అతనికే అనుమానంగా ఉన్న విషయం మీద ఆమెకు ఒట్టు ఎలా పెడతాడు? అతని మౌనాన్ని మాబెల్ ఒప్పుకోలు కింద తీసుకుంది. సాయంత్రానికి ఒక ట్రంకు పెట్టె సర్దుకుని యూనీస్‌ను తీసుకుని సికింద్రాబాదులో ఉన్న అన్న డెన్నిస్ ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు టిమోతి పాస్టరుగారింటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, నా భర్త కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ అని ఏడ్చింది. ఎందుకో చెప్పాల్సి వచ్చింది. చెప్పింది.

పాస్టరుగారు చెడ్డవాడు కాదు. హెర్బర్ట్‌ను పిలిపించి, టీ ఇచ్చి, మెల్లగా మాట్లాడాడు.

"నిన్ను తీర్పు తీర్చనీకి నేనెవర్ని హెర్బర్ట్? కానీ సంఘంల మాటలు లేస్తున్నయ్. కొన్నాళ్ళు క్వయర్‌కు దూరంగుండు. ప్రార్థన చేసుకో."

హెర్బర్ట్ "సరే అయ్యగారూ" అన్నాడు.

ఆ తర్వాతి నెలలు అతను ఎలా గడిపాడో చెప్పేవాళ్ళు లేరు. సెల్లారులో మనిషి కనబడేవాడు, పలకరిస్తే తల ఊపేవాడు అని మాత్రం సాయన్న అనేవాడు. వంట చేసుకునేవాడు కాదు. స్టేషను ఎదుట ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో పొద్దు గడిపేవాడు. ట్యూబు మాత్రం మానలేదు.

డెన్నిస్ ఇంట్లో మాబెల్ తన మంటను సోడా నీళ్ళతో, పసుపుతో కడుక్కుంటూ ఓర్చుకుంది. దవాఖానకు పోవాలని ఆమెకు తోచకపోలేదు. పోతే ఏం చెప్తారో, అది డెన్నిస్ భార్యకు తెలిస్తే ఏమవుతుందో అని ఆగింది. తన కోసమైతే ఇంకో ఏడాది ఆగేదేమో. ఒకరోజు తలస్నానం చేయిస్తుంటే యూనీస్ నడుము మీద, సల్వారు బొందు కట్టే చోట, ఎర్రటి చక్రం కనబడింది. అంచు ఉబ్బెత్తుగా, మధ్యలో తోలు మామూలుగా.

"ఇదెప్పటి సంది ఉంది?"

"ఎండాకాలం సంది మమ్మీ. నాంపల్లిల ఉన్నప్పట్నుంచే. దురద పెడ్తది."

మాబెల్ పిల్ల తల తడి తుడవకుండా దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల. తెల్లారి బడికి సెలవు పెట్టి పెద్ద సర్కారు దవాఖానలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు లక్ష్మీనర్సమ్మకు అప్పటికే తల నెరిసింది. బయట బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నా ఆమె తొందరపడలేదు. యూనీస్ నడుమును కిటికీ వెలుగులోకి తిప్పి చూసి, బ్లేడు మొండి అంచుతో ఆ చక్రం అంచున పొట్టు గీరి, గాజుపలక మీదికి తీసుకుంది. దాని మీద ఒక మందు చుక్క వేసి పక్కన పెట్టి, కాసేపాగి సూక్ష్మదర్శినిలో చూసింది.

"తామర. తోలు మీద పెరిగే బూజు అనుకో. తడి రొట్టె మీద బూజు రాదా, గట్లనే. ఇంట్ల ఇంకెవరికుంది?"

మాబెల్ యూనీస్‌ను బయట గదిలోకి పంపింది. డాక్టరు మళ్ళీ అడిగింది. అప్పుడు మాబెల్ తెర వెనక్కి వెళ్ళి తన ఒళ్ళు చూపించింది. డాక్టరు చూసి తల ఊపింది.

"ఇదే. మీ ఆయనకు?"

"ఉందమ్మా. ఆయనకే ముందొచ్చింది." మాబెల్ తలుపు వైపు ఒకసారి చూసింది. "అమ్మా, ఇది... తప్పు తిరుగుళ్ళు తిరిగినోళ్ళకు వచ్చేదేనా?"

డాక్టరు పెన్ను కింద పెట్టింది. బయట గదిలో కాళ్ళూపుకుంటూ కూర్చున్న యూనీస్ వైపు చూపించింది.

"మరి ఈ పిల్ల ఏం తిరుగుళ్ళు తిరిగిందమ్మా?"

మాబెల్ తల తిప్పి కూతుర్ని చూసింది.

"ఒకళ్ళ తువ్వాల ఒకళ్ళు వాడుకుంటే వస్తది" అంది డాక్టరు. "తడి బట్టలు కట్టుకుంటే పెరుగుతది. మొగుడూ పెళ్ళాలు పక్క పక్కన పండుకుంటే కూడా అంటుకుంటది, కానీ దానికి పాపమేం లేదు. ఆయన్ని తీసుకురా. ముగ్గురూ ఒక్కసారే మందు వాడాలె. ఒక్కరికి తగ్గి ఇంకొకరికుంటే మళ్ళీ మొదటికొస్తది."

మాబెల్ పిల్లను ఇంట్లో దింపి అటు నుంచి అటే ఆబిడ్స్ వెళ్ళింది. పెళ్ళయినన్నాళ్ళలో ఆ కాంప్లెక్సులోకి ఆమె అడుగుపెట్టడం అదే మొదలు. సాయన్న సెల్లారు మెట్లు చూపించాడు. జనరేటరు పక్కన హెర్బర్ట్ తిరగేసిన డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు.

"రేపు దవాఖానకు రా" అంది. "అది తామరంట. యూనీస్‌కు కూడా ఉంది."

హెర్బర్ట్ లేచి నిలబడ్డాడు. మొదట అతనికి కూతురి మాట ఒక్కటే వినబడింది. "పిల్లకా?" అన్నాడు. "నా వల్లనా?"

"తువ్వాల వల్లనంట."

"డాక్టర్ మొగాయనేనా?"

"ఆడామె."

"నేను రాను మాబెల్."

"వస్తవ్" అంది మాబెల్. "నువ్వు మాట్లాడకనే ఇంత దాంక వచ్చింది. రేపు పొద్దుగాల గేటు కాడ ఉంట."

వెళ్ళాడు. తెర వెనక ప్యాంటు దించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. డాక్టరు ఏమీ అనకుండా చాలాసేపు చూసేసరికి కళ్ళు తెరిచాడు. ఆమె మచ్చలను కాదు, ఊదా గీతలను చూస్తోంది.

"ఏం రాస్తున్నవ్ దీనికి?"

టిఫిను సంచిలోంచి ట్యూబు తీసిచ్చాడు. ఆమె దాని వెనక సన్నక్షరాలు చదివి బల్ల మీద పడేసింది.

"ఎన్నేండ్లాయె?"

"మూడేండ్లమ్మా."

"దీంట్ల ఉన్న స్టెరాయిడు ఎరుపును, దురదను అణుస్తది, అంతే. బూజు చావదు. పైకి తగ్గినట్టు కనబడి లోపల ఇంకా బలుస్తది. నీ తోలు పల్చనైంది చూడు. బూజును నేను పోగొడ్త. ఈ గీతలు మాత్రం పోవు, అవి నీతోనే ఉంటయ్."

షుగరుందేమో అని నెత్తురు పరీక్ష చేయించింది. లేదు. మాత్రలు రాసి, అన్నం తిన్నాక పాలతో వేసుకోమంది. చక్రం మీదనే కాదు, దాని చుట్టూ రెండు వేళ్ళ మేర బాగున్న తోలు మీద కూడా మలాం రాయమంది. మచ్చ కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు ఆపవద్దంది. హెర్బర్ట్ కాలివేళ్ళు విడదీసి చూసి, మొదలైంది ఇక్కడేనంది.

"సాక్స్ తొడుక్కున్నంకనే డ్రాయర్ తొడుక్కో. లేకుంటే డ్రాయర్ కాళ్ళ మీదికెళ్ళి పోతూ బూజును పైకి మోసుకపోతది. ఎవరి తువ్వాల వాళ్ళకే. బట్టలు మసిలే నీళ్ళల్ల పెట్టి, ఎండకేసి, ఇస్త్రీ చెయ్యండ్రి. స్నానం చేసినంక మడతలు తడి లేకుండ తుడుచుకో. గీ బిగుతు ప్యాంటు ఇడిచిపెట్టు, వదులు నూలు బట్టలేసుకో. ఇంకోటి. పాత ట్యూబు బంద్ చేసినంక మొదటి వారాలు మస్తు మండుతది. మందు పని చేస్త లేదనుకొని మళ్ళ దాని జోలికి పోకు."

ఆమె చెప్పినట్టే మండింది. మచ్చలు ముందెన్నడూ లేనంతగా ఎర్రబడి, చెమర్చి, నడవనియ్యలేదు. మాబెల్, యూనీస్ నాంపల్లి ఇంటికి తిరిగొచ్చేశారు. ఆ రోజుల్లో హెర్బర్ట్ లుంగీ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. బుచ్చిబాబు షాపు ఇంటికి నాలుగడుగుల దూరం. మాబెల్ రెండుసార్లు అతన్ని గుమ్మం దగ్గర ఆపింది. "ఎక్కడికి?" అంటే "ఊకె" అని వెనక్కొచ్చాడు. వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి మంట తగ్గింది. యూనీస్‌కు అందరికంటే ముందు పోయింది. మాబెల్‌కు తర్వాత. క్రిస్మస్ నాటికి హెర్బర్ట్ తొడల మీద చక్రాలు లేవు. నల్లటి నీడ, ఊదా గీతలు మిగిలాయి.

జబ్బయితే పోయింది. మాబెల్ టిమోతి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, నేను తొందరపడ్డాను అయ్యగారూ, అది తామర అని చెప్పింది. ఆయన సంతోషించాడు. దేవునికి స్తోత్రం అన్నాడు. అయితే ఆ మాట సంఘానికి ఎలా చెప్పాలో ఆయనకూ తెలియలేదు. హెర్బర్ట్ చెడ్డవాడన్న కబురు ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి దానంతటదే పాకింది. హెర్బర్ట్‌కు గజ్జల్లో తామర వచ్చి తగ్గింది, అంతే తప్ప అతను ఏ తప్పూ చేయలేదు అని ఆరాధన మధ్యలో నిలబడి ఎవరు చెప్తారు? క్వయరుకు రమ్మని కబురు పంపారు. అతను వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని, పుస్తకం తెరిచి, పెదవులు కదపకుండా ఉండి వచ్చాడు. మళ్ళీ అడగలేదు వాళ్ళు.

వెంకటేశ్వర్లుకు దవాఖాన చీటీ చూపించమని మాబెల్ పోరింది. హెర్బర్ట్ జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాడు. నాలుగో అంతస్తు పిల్ల అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. ఎవరి ముందు నిరూపించుకోవాలో తెలియక ఆ కాగితాన్ని అలాగే ఉంచేశాడు. రెండువేల ఒకటిలో పాత లిఫ్టు తీసేసి ఎవరికి వాళ్ళే బటన్ నొక్కుకునే కొత్త లిఫ్టు పెట్టారు. సాయన్న మళ్ళీ గేటు దగ్గరికి పోయాడు, హెర్బర్ట్‌ను మానిపించారు. లక్డీకాపూల్‌లో ఒక లాడ్జీ వెనక పార్కింగు దగ్గర కాపలా దొరికింది. అక్కడ యూనిఫారం లేదు.

బుచ్చిబాబుకు మాత్రం ఒకసారి చెప్పాడు. కోపంగా కాదు. ఆ ట్యూబు వద్దంట బాబూ, తోలు పాడైతదంట అన్నాడు. బుచ్చిబాబు నొచ్చుకున్నాడు.

"నేను మంచికే ఇచ్చానండీ. వచ్చిన ప్రతివాడూ దాన్నే అడుగుతాడు. ఇవ్వకపోతే పక్క షాపుకి పోతాడు. నేనేం చెయ్యనండీ?"

మాట్లాడుతుండగానే ఒక ఆటో డ్రైవరు వచ్చి, చుట్టూ చూసి, దురదకు మలాం కావాలన్నాడు. బుచ్చిబాబు హెర్బర్ట్ మొహం చూశాడు. ఒక్క క్షణం ఆగి, అరలో అలవాటైన చోటికే చేయి చాచాడు. హెర్బర్ట్ ఆ డ్రైవరుతో ఏదో అనబోయాడు. "అన్నా" అన్నాడు కూడా. డ్రైవరు తిరిగి చూసేసరికి హెర్బర్ట్ చూపు తిప్పుకున్నాడు. ఏమీ లేదన్నట్టు చేయి ఊపి వచ్చేశాడు.

ఇంట్లో తువ్వాళ్ళు మూడయ్యాయి. మంచాలూ వేరయ్యాయి. నయమయ్యేదాకా విడిగా పడుకోమని డాక్టరు చెప్పిన మాట, నయమయ్యాక కూడా అలాగే ఉండిపోయింది. ఎవరూ మార్చుదామనలేదు. మాబెల్ అతని బట్టలు విడిగా మసలబెట్టేది, విడిగా ఆరవేసేది. వంట, తిండి, మాట అన్నీ మామూలే. ఒకసారి యూనీస్ నర్సింగ్ ట్రైనింగుకు వెళ్ళిపోయిన కొత్తల్లో, అన్నం వడ్డిస్తూ మాబెల్ అంది:

"ఆ దినం నేను అయ్యగారి దగ్గరికి పోకుండ ఉండాల్సింది."

హెర్బర్ట్ ముద్ద కలుపుతూ ఆగాడు. "నేను నీకు ముందే చెప్పాల్సింది" అన్నాడు. అతను పచ్చడి అడిగాడు, ఆమె వేసింది.

రెండువేల ఆరు వానల్లో ఒక పొద్దున హెర్బర్ట్ స్నానం చేసి, లుంగీతో వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మాబెల్, మళ్ళ వచ్చినట్టుంది. జర చూడు."

ఆమె స్టవ్ తగ్గించి, చేయి కడుక్కుని వచ్చింది. అతన్ని తలుపు దగ్గరికి, వెలుగులోకి తీసుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. గజ్జలో పావలా బిళ్ళంత చిన్న చక్రం. పాత ఊదా గీతలు ఇప్పుడు తెల్లబడి ఉన్నాయి. అన్నేళ్ళలో వాటిని ఆమె చూడటం అదే మొదలు. వాటి మీద వేలు పెట్టబోయి తీసేసుకుంది.

"చిన్నదే" అంది లేస్తూ. "ఇయ్యాలనే పోదాం. పాండ్స్ పౌడర్ గిట్ల ఏం రాయకు."

లక్ష్మీనర్సమ్మ రిటైరై చాలా రోజులైంది, వేరే డాక్టరుంటాడని తెలిసే బయల్దేరారు. నాంపల్లి స్టేషను ముందు సిటీ బస్సెక్కారు. మాబెల్ ముందు తలుపు నుంచి ఆడవాళ్ళ సీట్లలోకి, హెర్బర్ట్ వెనక తలుపు నుంచి. బస్సు కిక్కిరిసి ఉంది. తడి గొడుగులు, తడి బట్టల వాసన. హెర్బర్ట్ రాడ్డు పట్టుకుని, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడ్డాడు. దవాఖాన స్టాపులో మాబెల్ ముందుగా దిగి, వానలో నిలబడి, అతను దిగాడో లేదో అని వెనక తలుపు వైపు చూసింది.